వాన కొలిచాడు... వనం రాశాడు!

సామర్లకోటలో పన్నెండేళ్లు కొలువు చేసిన స్కాట్లండ్ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్. తెలుగునేల మొక్కలను ప్రపంచ శాస్త్రానికి అందించినవాడు. ఆయన పుస్తకాల్లోకి ఎక్కిన చెట్లు పామూరు పడమటి కొండల్లో ఇంకా బతికే ఉన్నాయి. కరువు గురించి ఆయన అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన వంతు ఇప్పుడు మనది.

పామూరు నుంచి సీఎస్ పురం మీదుగా భైరవకోనకు వెళ్లేవాళ్ల కళ్లన్నీ గుహాలయాల మీదా, జలపాతం మీదా ఉంటాయి. దారిలో కంది చేలు, జామాయిల్ తోటలు, చిల్లకంప కమ్మేసిన కుంటలు దాటాక వెలిగొండ మొదలవుతుంది. అక్కడి నుంచి రెండు పక్కలా ఉన్న చెట్లను పట్టించుకునేవాళ్లు తక్కువ. ఎండాకాలంలో ఒక్క ఆకు కూడా లేకుండా, పొలుసులూడే తెల్లటి బెరడుతో నిలబడేది తపసి. రెండేసి ఆకులు మొదట్లో కలిసిపోయినట్టుండేది నారయేపి. మేకలకాపరుల పిల్లలు రాళ్లు రువ్వి పండ్లు రాల్చుకునేది తునికి.

ఈ మూడింటి శాస్త్రీయ నామాల చివర ఒకే మనిషి పేరు ఉంటుంది. వృక్షశాస్త్రంలో ఒక మొక్కను మొదట సరిగ్గా వర్ణించి పేరు పెట్టినవారి గుర్తు ఆ పేరు పక్కనే నిలిచిపోతుంది. మన అడవిచెట్ల పట్టిక ఏది తెరిచినా పదే పదే కనిపించే ఆ గుర్తు విలియం రాక్స్‌బర్గ్‌ది. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని ఆయన్ను లోకం అంటుంది. ఆ బిరుదుకు పునాది పడింది కలకత్తాలో కాదు, గోదావరి సీమలోని సామర్లకోటలో.

సామర్లకోట ఎక్కడ, పామూరు ఎక్కడ! అది కాలువలూ వరిచేలూ ఉన్న నేల. ఇది మన్నేరు పారితే పండగ, పారకపోతే వలస అన్నట్టు బతికే నేల. అయినా రాక్స్‌బర్గ్ కథ పామూరు వాళ్లకే ఎక్కువ అవసరం. ఎందుకంటే ఆయన చూసిన సామర్లకోట మనకు తెలిసిన పచ్చటి సామర్లకోట కాదు. గోదావరికి అప్పటికి ఆనకట్ట లేదు. వరసగా వానలు తప్పి, ఊళ్లకు ఊళ్లు ఆకలితో ఖాళీ అవుతుంటే ఆ మధ్యలో కూర్చుని ఆయన వాన లెక్కలు రాశాడు. ఆ లెక్కల పక్కనే చెట్ల లెక్కా రాశాడు. ఆ రెండూ ఒకే లెక్క అని పట్టుకోవడమే ఆయన గొప్పతనం.

ఓడ డాక్టరు నుంచి తోట పెద్ద వరకు

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండ్‌లోని ఎయిర్‌షైర్‌లో పుట్టాడు. ఎడింబరోలో వైద్యం చదివాడు. అప్పట్లో మందులు చాలావరకు మొక్కల నుంచే వచ్చేవి కాబట్టి డాక్టరు కావాలంటే మొక్కలు తెలిసి ఉండాల్సిందే. ఆయనకు మొక్కల చదువు చెప్పినవాడు జాన్ హోప్, ఆ కాలానికి పేరున్న ఆచార్యుడు. ఈస్టిండియా కంపెనీ ఓడల్లో వైద్య సహాయకుడిగా తిరిగి, 1776లో మద్రాసు ఆసుపత్రిలో చేరాడు. వచ్చీ రాగానే మొదలుపెట్టిన పని వాతావరణం రాసుకోవడం. గాలి ఒత్తిడి, వేడి, వాన క్రమం తప్పకుండా రాశాడు. ఫోర్ట్ సెయింట్ జార్జి కోటలో రాసిన ఆ దినచర్య 1778లోనే లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

1781లో సామర్లకోట దండుకు డాక్టరుగా వచ్చాడు. అక్కడ మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, మల్బరీ పెంచి చూశాడు. గోదావరి సీమలో రైతులు చెరకు ఎలా నాటుతారో, బెల్లం ఎలా వండుతారో గట్టు మీద నిలబడి చూసి రాశాడు. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు చెట్టు ఆకుల నుంచి నీలిరంగు తీసే పద్ధతి కట్టాడు. ఇవన్నీ కంపెనీ లాభం కోసం చేయించిన పనులే. మిరియం మీద, నీలి మీద, చక్కెర మీద కంపెనీకి ఉన్న ఆశే ఆయన తోటకు జీతం ఇచ్చింది. ఆ సంగతి దాచి ఆయన్ను కీర్తించనక్కర్లేదు. కంపెనీ అడిగిన పని చేస్తూనే, కంపెనీకి పైసా రాని మొక్కలను కూడా అంతే శ్రద్ధగా చూశాడు. మనకు మిగిలింది ఆ శ్రద్ధ.

ఈ శ్రద్ధకు గురువు ఇంకొకాయన ఉన్నాడు. యోహాన్ గెర్హార్డ్ కోనిగ్, మహాశాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు. తరంగంబాడి నుంచి మొదలుపెట్టి కోరమాండల్ తీరమంతా మొక్కల కోసం తిరిగాడు. మన వెలిగొండల్లో పెరిగే ఎర్రచందనానికి శాస్త్రీయ నామం వచ్చింది ఆయన పంపిన నమూనాల వల్లే. 1785లో కాకినాడ జగన్నాయకపురంలో జబ్బుపడి చనిపోతే దగ్గరుండి చూసుకున్నవాడు రాక్స్‌బర్గ్. రెండేళ్లకు, 1787 నాటి ఉప్పెన కోరంగి తీరాన్ని ముంచినప్పుడు రాక్స్‌బర్గ్ పుస్తకాలు, సేకరణలు నీళ్లపాలయ్యాయి. ఏళ్ల తరబడి పోగుచేసింది పోతే, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మనం ఇవాళ చూస్తున్నది చాలావరకు ఆ రెండో ప్రయత్నం ఫలమే.

పేరు దక్కని కుంచెలు

రాక్స్‌బర్గ్ ఒక మొక్కను చూసే తీరు ఇది. పూతలో ఉన్న కొమ్మ తెప్పించేవాడు. పువ్వును విప్పి రేకులు, కేసరాలు, అండాశయం విడివిడిగా పరిచేవాడు. కాయ వచ్చే కాలానికి మళ్లీ వెళ్లి కాయ, గింజ తెప్పించేవాడు. ఆకు, బెరడు, కలప, ఊళ్లో దాన్ని దేనికి వాడతారు, తెలుగులో ఏమంటారు, అన్నీ రాసుకునేవాడు. పక్కన కూర్చున్న చిత్రకారుడు దాన్ని చూస్తూ రంగుల్లో గీసేవాడు.

ఆ చిత్రకారులు మన దేశస్థులు. గీత సన్నగా, రంగు పలుచగా పట్టే చెయ్యి వాళ్లకు ముందే ఉంది. పువ్వును కోసి లోపలి భాగాలు కొలతకు సరిపోయేలా గీయడం రాక్స్‌బర్గ్ దగ్గర నేర్చుకున్నారు. వందల బొమ్మలు వర్ణనలతో సహా లండన్‌కు వెళ్లాయి. వాటిలోంచి ప్రకృతిశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ 300 ఎంపిక చేశాడు. 1795లో మొదలై 1820 దాకా మూడు సంపుటాలుగా అచ్చయిన ఆ గ్రంథం ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’. పెద్ద సైజు పేజీల్లో, చేత్తో రంగులద్దిన బొమ్మలతో వచ్చిన ఆ పుస్తకం ఇవాళ ప్రపంచంలోని పెద్ద గ్రంథాలయాల్లో భద్రంగా ఉంది.

దాని ముఖపత్రం మీద రాక్స్‌బర్గ్ పేరుంది, బ్యాంక్స్ పేరుంది, కంపెనీ పేరుంది. గీసినవాళ్ల పేరు ఒక్కటీ లేదు. కొమ్మ తెచ్చిన కూలీ, దారి చూపిన కొండమనిషి, ఈ బెరడు జ్వరానికి మంచిదని చెప్పిన నాటువైద్యుడు... వీళ్ల పేర్లూ లేవు. అయితే వాళ్లు చెప్పింది మాత్రం ఉంది. జ్వరానికి సోమిడ బెరడు వాడకం ఆయన ద్వారా ఎడింబరో దాకా వెళ్లింది. ఆండ్రూ డంకన్ అనే వైద్య విద్యార్థి 1794లో తన పట్టా వ్యాసాన్ని ఆ చెట్టు మీదే రాశాడు. దక్షిణ అమెరికా నుంచి రావాల్సిన సింకోనా బెరడుకు బదులుగా ఇది పనికొస్తుందేమోనని ఐరోపా ఆశపడింది. ఆ చెట్టు ప్రజాతికి శాస్త్రం ఖాయం చేసిన పేరు సోయ్‌మిడా. అది మన సోమిడే.

ఇది తెలుగువాడి జ్ఞానం. రాసింది స్కాట్లండ్ వాడైనా చెప్పింది ఇక్కడివాళ్లే. రాక్స్‌బర్గ్‌కు మనం ఇచ్చే గౌరవంలో వాళ్లకూ సగం వాటా ఉందని చెప్పకపోతే ఆ గౌరవం అసంపూర్ణం.

కరువులో కూర్చుని

1789 నుంచి సర్కారు జిల్లాల్లో వానలు మొహం చాటేశాయి. ఏడాది కాదు, రెండేళ్లు కాదు. 1792 దాకా సాగిన ఆ కరువులో తెలుగు పల్లెలు లెక్కకందనంత మందిని పోగొట్టుకున్నాయి. తిండికోసం ఊళ్లు వదిలి నడిచినవాళ్లు దారుల్లోనే పడిపోయారు. రాక్స్‌బర్గ్ ఆ ఏళ్లన్నీ సామర్లకోటలోనే ఉన్నాడు. వానమానం ఎంత చూపిందో రాస్తూనే ఉన్నాడు. ఇంతకు ముందు ఇలాంటి కరువు ఎప్పుడైనా వచ్చిందా అని స్థానికులను అడిగి, పాత రాతల్లో దొరికిన వివరం కూడగట్టాడు. కరువు దైవికంగా ఒక్కసారి వచ్చి పోయేది కాదు, మళ్లీ మళ్లీ వచ్చేది అని ఆయనకు అనుమానం కలిగింది.

ఆ అనుమానం నిజమని తేలడానికి చాలా కాలం పట్టింది. పసిఫిక్ మహాసముద్రం వేడెక్కి, తరచుగా మన రుతుపవనాలను దెబ్బతీసే పరిస్థితిని ఇవాళ ఎల్ నినో అంటున్నాం. చరిత్రకారుడు రిచర్డ్ గ్రోవ్ 1998లో ‘నేచర్’ పత్రికలో 1789-93 నాటి ఎల్ నినో ప్రపంచమంతటా చేసిన నష్టం గురించి రాసినప్పుడు, ఆయనకు ఆధారమైనవాటిలో రాక్స్‌బర్గ్ రాతలూ ఉన్నాయి. ఒక డాక్టరు గోదావరి సీమలో ఓపిగ్గా రాసుకున్న అంకెలు ప్రపంచ వాతావరణ చరిత్రకు సాక్ష్యమయ్యాయి.

రాక్స్‌బర్గ్ అంకెలతో ఆగలేదు. కరువు రోజుల్లో పేదవాళ్ల కడుపు నింపగల చెట్లు, మొక్కలు ఏవో చెబుతూ వాటిని విరివిగా నాటించాలని మద్రాసు పెద్దలకు రాశాడు. కొబ్బరి, తాటి, ఈత, సగ్గుబియ్యం చెట్టు, పనస, అరటి, సీమపనస, చివరికి నాగజెముడు కూడా ఆ జాబితాలో ఉంది. ఆయన తర్కం సూటిగా ఉంటుంది. వరి, జొన్న ఆ ఏటి వానను నమ్ముకుంటాయి. వాన తప్పితే గింజ లేదు. చెట్టు వేరు లోతుకు పోతుంది, ఒక్క ఏటి వాననే నమ్ముకోకుండా బతుకుతుంది. పంట పోయిన ఏట ఊరిని నిలబెట్టేది అదే.

పామూరు, కనిగిరి, వెలిగండ్ల పల్లెల్లో పెద్దవాళ్లను ఎవరిని కదిలించినా ఈ మాటే ఇంకో రూపంలో చెబుతారు. తేగలు, ముంజెలు, తాటిపండు తిని గడిపిన ఏళ్లు వాళ్లకు గుర్తే.

రెండు మొక్కలు, దగ్గరగా

రాక్స్‌బర్గ్ చూపు ఎలాంటిదో తెలియాలంటే రెండు మొక్కలు చాలు.

మొదటిది చిల్ల. ఇక్కడ కుంటల్లో కమ్మేసిన చిల్లకంప గురించి కాదు, అది పరాయి దేశం నుంచి వచ్చిన తుమ్మ. అడవి చిల్ల వేరు, కొందరు ఇండుప అంటారు. ముదురాకుపచ్చ ఆకులు, నల్లటి చిన్న పండు, లోపల బిళ్లలాంటి గింజ. కొత్త మట్టికుండ లోపలి గోడకు ఆ గింజను ఒకటి రెండు నిమిషాలు గట్టిగా రుద్దాలి. తర్వాత చెరువు నీళ్లు పోసి కదపకుండా ఉంచితే కాసేపటికి బురద అడుగుకు దిగి, పైన తేట నీళ్లు నిలుస్తాయి. ఈ పద్ధతినంతా రాక్స్‌బర్గ్ రాశాడు. గింజలో ఉండే జిగురు పదార్థం నీటిలో తేలే మట్టిరేణువులను ఒకదానికొకటి అతికించి బరువెక్కించడం వల్ల అవి అడుగుకు చేరతాయి. కనిగిరి, పామూరు నీళ్లలోని ఫ్లోరైడు సంగతి వేరు. అది కరిగి ఉంటుంది, చిల్లగింజకు దొరకదు. కానీ చెరువు నీళ్లే తాగి బతికిన ఊరికి ఆ గింజ ఎంత విలువైనదో ఆ తరాలకు తెలుసు.

రెండోది కుందేటి కొమ్ములు. రాళ్ల సందుల్లో, ముళ్లపొదల నీడన నాలుగు పలకల కాడలు జానెడెత్తు నిలబడి ఉంటాయి. ఆకు కనిపించదు. కాడ చివర చిన్న ముదురు రంగు పూలు వేలాడతాయి. నీళ్లు కాడలోనే దాచుకునే మొక్క ఇది. గొర్రెలకాపరులు కోసి, అంచులు గీరి పచ్చిగానే తింటారు. కొందరు పచ్చడి చేస్తారు. రాక్స్‌బర్గ్ దీన్ని కూడా వదల్లేదు. జనం కాడలను పచ్చిగా తింటారని, దానికి తెలుగులో కారల్లం అనే పేరుందని రాసుకున్నాడు. 1810లో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ ఆ ప్రజాతి మొత్తానికి ‘కారల్లుమా’ అని పేరు స్థిరపరిచాడు. ఇవాళ అదే మొక్క సారాన్ని ఆకలి తగ్గించే మాత్రలుగా విదేశాల్లో అమ్ముతున్నారు. కొండ మీద ఎండలో గొర్రెల వెంట తిరిగేవాడి ఆకలిని ఆపిన మొక్క అది.

రాక్స్‌బర్గ్ రాసినవి... మన కొండల్లో ఉన్నవి

తపసి: దీని జిగురును చెంచులు సేకరిస్తే గిరిజన సహకార సంస్థ కొంటుంది. మందుల్లో, ఆహార పరిశ్రమలో వాడతారు. గాట్లు లోతుగా పెడితే చెట్టు చచ్చిపోతుంది.
నారయేపి: బెరడు నుంచి తాళ్లు పేనే నార, కరువులో పశువులకు ఆకు, ఇనుములాంటి కలప.
తునికి: ఆకు బీడీలకు, పండు తినడానికి.
సోమిడ: చేదు బెరడు జ్వరాలకు, ఎర్రటి గట్టి కలప పనిముట్లకు.
బిల్లుడు: పట్టులా మెరిసే కలప. బండ్లకు, నాగళ్లకు వాడారు.
అందుగు: కోస్తే వచ్చే బంక ధూపానికి.
చిరుమాను: గొడ్డలి కామలకు, బండి ఇరుసులకు పేరున్న కర్ర.

కలకత్తా తర్వాత

1793 చివర్లో రాక్స్‌బర్గ్ కలకత్తాకు వెళ్లాడు. హుగ్లీ ఒడ్డున రాబర్ట్ కిడ్ 1787లో మొదలుపెట్టిన తోటకు పెద్ద అయ్యాడు. ఇరవై ఏళ్లు దాన్ని పెంచాడు. అక్కడ పెరిగే మొక్కల జాబితాను ఆయన స్నేహితుడు విలియం కేరీ 1814లో సెరంపూర్‌లో అచ్చువేసేనాటికి అందులో సుమారు 3,500 జాతులున్నాయి. ఆయన చిత్రకారులు గీసిన బొమ్మలు 2,500 దాటాయి. ఒక ప్రతి ఇప్పటికీ కోల్‌కతా తోటలో, ఇంకో ప్రతి లండన్ క్యూ తోటలో ఉన్నాయి.

ఆరోగ్యం చెడి 1813లో భారతదేశం వదిలి, 1815లో ఎడింబరోలో కన్నుమూశాడు. ఆయన మహాగ్రంథం ‘ఫ్లోరా ఇండికా’ బతికుండగా అచ్చు కాలేదు. 1820, 1824ల్లో కొంత వచ్చి, పూర్తిగా 1832లో వెలువడింది. మనదేశంలో మొక్కల గురించి ఆ తర్వాత ఎవరు రాసినా ఆ పుస్తకం తెరవకుండా రాయలేదు.

ఆ దారిలో చాలామంది నడిచారు. సామర్లకోటలో ఆయన తర్వాత బెంజమిన్ హైన్ వచ్చాడు. మద్రాసు అడవుల అధికారి రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ కడప కొండలు, నల్లమల తిరిగి రాశాడు. తిరుమల కొండల్లో పెరిగే పెరిత చెట్టు ఆయన పేరునే మోస్తోంది. వృక్షశాస్త్రవేత్త గ్యాంబుల్ మొదలుపెట్టిన మద్రాసు రాష్ట్ర వృక్షగ్రంథం 1915 నుంచి 1936 దాకా వచ్చింది. స్వతంత్రం వచ్చాక భారత వృక్షసర్వేక్షణ సంస్థకు చెందిన జె.ఎల్. ఎల్లిస్ నల్లమలనంతా గాలించి రెండు సంపుటాలు రాశారు. ఈ కొండలకే ప్రత్యేకమైన ఒక నేలవేము జాతికి నల్లమల పేరే పెట్టారు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఆచార్య టి. పుల్లయ్య, ఆయన సహచరులు ఆంధ్రప్రదేశ్ మొక్కలన్నిటినీ సంపుటాలుగా కూర్చారు. రాక్స్‌బర్గ్ కాలంలో పేరు దక్కని తెలుగువాడు, ఇప్పుడు తన పేరుతో తన నేలను రాసుకుంటున్నాడు. ఇది చిన్న మార్పు కాదు.

పామూరుకు మిగిలిన పని

వెలిగొండ సొరంగాల నీళ్ల కోసం పశ్చిమ ప్రకాశం దశాబ్దాలుగా ఎదురుచూస్తోంది. ఆ నీళ్లు రావాలి, రావడం ఈ నేల హక్కు. అయితే కాలువ నీరు అందే పొలం కొంతే ఉంటుంది. కాలువ ఎక్కని మెరక, రాళ్లనేల, కొండవాలు మిగిలే ఉంటాయి. అక్కడ బతికేది చెట్టే.

ఆ చోట మనం ఏం నాటుతున్నామో చూడండి. సుబాబుల్, జామాయిల్ వేసిన రైతును తప్పుపట్టడానికి లేదు. బోరు ఎండిన చేలో నాలుగేళ్లకోసారి చేతికి డబ్బు ఇచ్చే పంట ఇంకోటి ఆయనకు ఎవరు చూపించారు? కానీ చెరువు కట్ట, బడి ఆవరణ, గుడి మాన్యం, పోరంబోకు అందరి ఆస్తి. అక్కడ నారయేపి నాటితే పదిహేనేళ్లకు కరువు ఏట పశువుకు మేత ఉంటుంది. ఇప్ప, తునికి, చిల్ల, తాటి నాటితే పక్షికీ మనిషికీ తిండి ఉంటుంది. మోపాడు చెరువు చుట్టూ, మన్నేరు గట్ల వెంబడి వీటికి చోటు లేకపోలేదు. వీటికి ఎరువు అక్కర్లేదు, మొదటి రెండు వేసవులు మేక నోటికి దొరక్కుండా కాచుకుంటే చాలు.

రెండో పని రాసుకోవడం. 2002లో వచ్చిన జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊరి మొక్కలు, వాటి వాడకం, వాటి గురించి తెలిసినవాళ్ల మాటలు ఒక ప్రజా రిజిస్టరులోకి ఎక్కించాలి. ఆ వనరుతో ఎవరైనా వ్యాపారం చేస్తే స్థానికులకు వాటా దక్కాలన్నది ఆ చట్టం ఉద్దేశం. ఆఫీసులో కూర్చుని పాత జాబితా చూసి నింపేస్తే అది కాగితం కింద లెక్క. గొర్రెలకాపరిని, నాటువైద్యుడిని, తునికాకు కోసే ఆడవాళ్లను, కొండకు కట్టెలకు వెళ్లే ముసలమ్మను కూర్చోబెట్టి రాస్తే అది ఊరి ఆస్తిపత్రం.

మూడో పని బడిపిల్లలది. ప్రతి ఉన్నత పాఠశాల ఆవరణలో ఒక వానమానం పెట్టి, రోజూ ఉదయం అంకె రాయించాలి. దాని పక్కనే తునికి ఎప్పుడు చిగురించింది, మోదుగ ఎప్పుడు పూసింది, కుంటలో నీళ్లు ఎన్నాళ్లు నిలిచాయి అని రాయించాలి. పదేళ్లు రాస్తే పామూరు వాతావరణం ఎలా మారుతోందో చెప్పడానికి ఎవరి దగ్గరకూ వెళ్లనక్కర్లేదు.

రాక్స్‌బర్గ్ దగ్గర అప్పుడు ఉన్నది ఒక వానమానం, కొన్ని కాగితాలు, చుట్టూ తెలిసిన మనుషులు. పామూరులో ఆ మూడూ ఉన్నాయి. ఆయన బొమ్మలు గీయించిన చెట్లు కూడా ఉన్నాయి. తేడా ఒక్కటే. ఆయన రిజిస్టరు లండన్‌కు వెళ్లింది, దాని ఫలం కంపెనీకి దక్కింది. మనం రాసే రిజిస్టరు మన పంచాయతీలో ఉంటుంది. అందులో చెట్టు పేరు పక్కన దాని సంగతి చెప్పిన మనిషి పేరూ రాసుకోవచ్చు. రెండు వందల ఏళ్ల కింద జరగని న్యాయం అది. ఈ వానాకాలమే మొదలుపెడదాం.